సన్నని కంఠము – పెద్ద హోరు
స్వల్పశక్తి రేడియో కేంద్రముల చరిత్ర

రేడియో సెట్టు గల ఇండ్లలో ఒక అనుభవము సామాన్యము. సాయంకాలము దీపము పెట్టిన వేళ మీట త్రిప్పుచుండగా ఒక సన్నని కంఠము వినవచ్చును. ఎవరో పొలము మాట చెప్పుచున్నట్లో, పల్లెపాట పాడుచున్నట్లో తోచును. చెవి యొగ్గునంతలో ప్రక్కనుండి వేరొక కేంద్రపు సంగీతము వచ్చి దానిపై పడును. లేక గరగర శబ్దము లేచి ఆ మాటను మ్రింగివేయును. మనము మీటను మరికొంచెము త్రిప్పి, బలముగా పలుకు కేంద్రమునకు పోవుదుము. ఆ సన్నని కంఠము ఏమయ్యెనో విచారింపము. ఈ ప్రసంగములో మేము విచారింపబోవునది ఆ కంఠమును గురించియే.

ఒక ఊరికో, కొన్ని గ్రామములకో, ఒక విద్యాలయపు పరిసరములకో పరిమితమై, కొద్దిపాటి విద్యుచ్ఛక్తితో, ఆ ప్రదేశపు ప్రజలే నడుపుకొను ప్రసారకేంద్రమును కమ్యూనిటీ రేడియో అనియు, సామాజిక రేడియో అనియు పిలుచుచున్నారు. ఇట్టి కేంద్రములకు పెద్ద కష్టములు రెండు. వాని మాట పెద్ద కేంద్రముల హోరులో మునిగిపోవుట మొదటిది. వాని వలన పెద్ద కేంద్రముల మాట చెడునను భయము రెండవది. మొదటి కష్టము ప్రకృతి ధర్మమునకు సంబంధించినది. రెండవది సగము ప్రకృతి ధర్మమునకు, సగము మనుష్యుల ప్రయోజనములకు సంబంధించినది. ఈ రెంటిని విడదీసి చూచినగాని ఈ చరిత్ర బోధపడదు.

మన దేశమున రేడియో పుట్టిననాడు చిన్నదిగానే పుట్టినది. 1924 మే నెలలో సి.వి. కృష్ణస్వామి సెట్టిగారి చొరవతో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడెను. ఆ సంవత్సరమే జూలై 31వ తేదీన క్లబ్బువారు ప్రసారములు ప్రారంభించిరి. వారి ట్రాన్స్‌మిటరు శక్తి 40 వాట్లు మాత్రమే. పాతకాలపు విద్యుద్దీపమొకటి వెలుగుటకు కావలసిన శక్తియు ఇంచుమించు అంతయే. తరువాత 200 వాట్ల యంత్రము వచ్చెను. ధనము చాలక 1927లో క్లబ్బు ప్రసారములు ఆగిపోయెను. యంత్రసామగ్రి మద్రాసు కార్పొరేషనుకు చేరగా, 1930లో కార్పొరేషనువారు ప్రసారములను మరల సాగించిరి. హైదరాబాదులోను కథ ఇట్టిదే. అచ్చట ఒక వ్యక్తి పూనికతో నడచిన 200 వాట్ల చిన్న కేంద్రమును 1935లో నిజాము ప్రభుత్వము స్వీకరించెను. దక్కన్ రేడియోకు అదియే పునాది.

ఈ కేంద్రముల కథలో ధనము కొరత వినవచ్చును గాని, ఇరుగుపొరుగు కేంద్రముల పోరు వినరాదు. ఏలయన, ఆనాడు మన ఆకాశము ఇంచుమించు ఖాళీగా నుండెను. నిశ్శబ్దమైన ఇంటిలో గుసగుస మాటయు మూలమూలకు వినబడును. సంతలో గొంతెత్తి పిలిచినను ప్రక్కవానికి వినబడదు. కాబట్టి స్వల్పశక్తి తనంతట తానే లోపము కాదు. చుట్టు ఎంత సందడి కలదో, ఆ సందడిలో ఎవరికెంత చోటు కేటాయించిరో, దానినిబట్టి చిన్న కేంద్రపు బ్రతుకు నిర్ణయమగుచుండును.

సందడి పెరిగినపుడు జరుగునదేమో అమెరికాలో ముందుగా తెలిసివచ్చెను. అచ్చట 1920 తరువాత ప్రసారకేంద్రములు వందలకొలది లేచెను. కళాశాలలు, చర్చీలు, కార్మిక సంఘములు, దుకాణదారులు కూడ కేంద్రములు పెట్టుకొనిరి. వారిని అదుపులో నుంచుటకు ప్రభుత్వము చేతనున్నది 1912 నాటి చట్టము ఒక్కటే. అది ఓడల తంతివార్తలను దృష్టిలో నుంచుకొని చేసినది. 1926లో జెనిత్ సంస్థ కేంద్రమొకటి తనకు కేటాయింపని తరంగముపై ప్రసారము చేయగా, ఆపుటకు వాణిజ్యమంత్రికి అధికారము లేదని న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆపైన ఎవరికి తోచిన తరంగముపై వారు పలుకసాగిరి. శక్తి గలవారు శక్తి పెంచుకొనిరి. శ్రోతల ఇండ్లలో ఈలలు, కూతలు తప్ప మాట వినబడని రోజులు వచ్చెను.

1927లో క్రొత్త రేడియో చట్టము వచ్చెను. ఆకాశతరంగములకు ఒక కాపలా ఏర్పడెను. ఇది అవసరమైన పనియే. కాని 1928లో తరంగములను మరల పంచినపుడు ఆ పంపకము ఎవరికి మేలు చేసినదో గమనింపవలెను. నలుబది తరంగములు రాత్రివేళ అడ్డులేక దూరదూరములకు పలుకుటకై పెద్ద కేంద్రములకు ప్రత్యేకింపబడెను. కళాశాలలు, సంఘములు నడుపు చిన్న కేంద్రములు మిగిలిన తరంగములపై ఇరుకుకొనవలసి వచ్చెను. కొన్నిటికి పగలు మాత్రమే ప్రసారము. కొన్నిటికి దినములో కొన్ని గంటలు మాత్రమే పాలు. అట్లు చిక్కి చిక్కి అనేకము మూతపడెను. గందరగోళము తొలగినది, దానితో పాటు చిన్నవారును తొలగిరి.

ఇచ్చట తరంగముల స్వభావమును కొంత తెలిసికొనుట మంచిది. ఈనాటి సామాజిక రేడియో కేంద్రములు ముఖ్యముగా ఎఫ్.ఎం. పద్ధతిని ఆశ్రయించినవి. ఈ పద్ధతిని రూపొందించినవాడు అమెరికను శాస్త్రజ్ఞుడు ఎడ్విన్ హోవార్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్. 1933లో ఆయనకు పేటెంట్లు లభించెను. 1935లో న్యూయార్కులో ఇంజనీర్ల సభయెదుట ఆయన తన పద్ధతిని ప్రదర్శించెను. అంతకుముందున్న పద్ధతిలో తరంగపు బలము హెచ్చుతగ్గులగుచు శబ్దమును మోసికొనిపోవును. మెరుపును, విద్యుత్ మోటారును కలిగించు అలజడియు బలములో హెచ్చుతగ్గే కావున అదియు మాటతో కలిసి వినబడును. ఆర్మ్‌స్ట్రాంగ్ పద్ధతిలో బలము మారదు. తరంగపు కదలికల వేగము మారును. అందుచే ఉరుముల గరగర చాలవరకు బయటనే నిలిచిపోవును.

ఎఫ్.ఎం. పద్ధతికి మరియొక గుణము కలదు. ఒకే అంకెపై రెండు కేంద్రములు పలుకుచుండగా, ఒకటి రెండవదానికంటె చాలినంత బలముగా వచ్చుచున్నచో, సెట్టు ఆ బలమైనదానినే పట్టుకొని బలహీనమైనదానిని పూర్తిగా అణచివేయును. పాత పద్ధతిలో రెండును కలగాపులగముగ వినబడును. ఇందులో గెలిచినది ఒక్కటే వినబడును. పెద్ద కేంద్రమునకిది వరము. చిన్న కేంద్రమునకిది రెండంచుల కత్తి. తన ఊరిలో తానే బలమైనది కావున దూరపు కేంద్రములను అణచివేయగలదు. ఊరి పొలిమేర దాటినంతనే తానే అణగిపోవును. పొలిమేర యొద్దనున్న ఇంటిలో సెట్టును జానెడు జరిపినచో ఒక కేంద్రము, మరల జరిపినచో వేరొక కేంద్రము వినబడుట ఇందువలననే.

దూరమునకును ఒక లెక్క కలదు. ఎఫ్.ఎం. తరంగములు సాధారణముగా చూపుమేర పోవును గాని భూమి వంపును దాటి చాలదూరము పోజాలవు. ట్రాన్స్‌మిటరు ఏరియల్ 30 మీటర్ల ఎత్తున నున్నచో, చదునైన నేలపై ఆ తరంగమునకు దిగంతము సుమారు 22 కిలోమీటర్ల దూరమున నుండును. 15 మీటర్ల ఎత్తున నున్నచో 16 కిలోమీటర్లకే దిగంతము. కాబట్టి స్వల్పశక్తి కేంద్రమునకు వాట్లు పెంచుటకంటె స్తంభము ఎత్తు పెంచుట కొన్నివేళల లాభకరము. నడుమ గుట్ట యున్నచో దాని నీడలో తరంగము పలుచబడును. నగరములో మేడలకు తగిలి చెదరిన తరంగము రెండు మూడు త్రోవల వచ్చి తనను తానే చెరుపుకొనును. వేసవి సాయంకాలములందు, ముఖ్యముగా సముద్రతీరమున, క్రింద చల్లని గాలిపొర, పైన వెచ్చని పొర ఏర్పడినపుడు తరంగములు ఆ పొరల నడుమ చిక్కి వందల కిలోమీటర్లు సాగివచ్చును. అట్టి దినములలో ఎక్కడిదో తెలియని భాష మన ఊరి కేంద్రమును కప్పివేయును. ఇది ఎవరి తప్పును కాదు. కొంత కాలమునకు సర్దుకొనును.

ఇక మరల చరిత్రకు వత్తము. 1948లో అమెరికా ప్రభుత్వము విద్యాసంస్థలకై 10 వాట్ల ఎఫ్.ఎం. కేంద్రములను అనుమతించెను. కళాశాలల విద్యార్థులు వీనిపై రేడియో విద్య నేర్చుకొనిరి. పట్టణపు మంచిచెడ్డలు చెప్పుకొనిరి. ముప్పది సంవత్సరములు గడిచెను. 1978లో ప్రసార వ్యవహారములను పర్యవేక్షించు ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ క్రొత్తగా అట్టి కేంద్రములకు అనుమతులు నిలిపివేసెను. ఉన్నవి శక్తి పెంచుకొనవలెను. లేనిచో పెద్ద కేంద్రములకు చోటిచ్చి తొలగవలెను. తరంగములను సమర్థముగా వాడుకొనుట కొరకే ఈ నిర్ణయమని చెప్పిరి. చిన్న కేంద్రము చోటును వ్యర్థము చేయునను భావన అప్పటికి పాతుకొనిపోయినది.

ద్వారము మూసినంత మాత్రమున పలుకవలెనను కోరిక చావదు. 1980 దశకపు చివర స్ప్రింగ్‌ఫీల్డు పట్టణములో అంధుడైన ఒక నల్లజాతి యువకుడు, ఎంబన్నా కంటాకో, పేదల వసతిగృహమునుండి ఒక్క వాటు శక్తి గల యంత్రముతో అనుమతి లేకయే ప్రసారము సాగించెను. 1993లో స్టీఫెన్ డునిఫర్ బర్క్‌లీ నగరమున ఇట్టిదే కేంద్రము పెట్టి న్యాయస్థానములో సంవత్సరములు పోరాడెను, 1998లో ఓడిపోయెను. ఇంతలో 1996 చట్టము ఒకే యజమాని క్రింద ఎన్ని కేంద్రములైనను ఉండవచ్చునని దేశవ్యాప్తముగా హద్దు తొలగించెను. ఊరూర కేంద్రములు చేతులు మారి, దూరమున తయారైన కార్యక్రమములే ఊరూర వినబడసాగెను.

కమిషన్ అధ్యక్షుడు విలియం కెన్నార్డ్ ఈ స్థితిని గమనించెను. ఆయన నాయకత్వమున 2000 జనవరిలో స్వల్పశక్తి ఎఫ్.ఎం. సేవ ఏర్పడెను. గరిష్ఠశక్తి 100 వాట్లు. వినికిడి వ్యాసార్ధము ఇంచుమించు 5.6 కిలోమీటర్లు. ఆ దేశమున పెద్ద కేంద్రముల శక్తి 1,00,000 వాట్ల వరకు ఉండవచ్చును. అనగా ఒకటికి వేయి రెట్లు. అయినను ఆ వేయి రెట్ల బలము గలవారే భయపడిరి.

వారి భయము వరుస ఇండ్ల పోలికతో సులభముగా తెలియును. అమెరికాలో ఎఫ్.ఎం. కేంద్రముల అంకెల నడుమ 0.2 మెగాహెర్ట్జుల ఎడము. ఒక కేంద్రము 90.1 పై నున్నదనుకొందము. 90.3 దాని మొదటి ప్రక్కయిల్లు, 90.5 రెండవది, 90.7 మూడవది. మొదటి యింటి గొడవ మనకు వినబడుట సహజము. రెండవ యింటి గొడవయు కొంత వినబడవచ్చును. మూడవ యింటిలో ఒకడు మెల్లగా మాటలాడినచో మన నిద్ర చెడునా? చెడదని కమిషన్ ఇంజనీర్లు చెప్పిరి. చెడునని పెద్ద ప్రసారకుల సంఘమైన నేషనల్ అసోసియేషన్ ఆఫ్ బ్రాడ్‌కాస్టర్స్ వాదించెను. ప్రజాసేవ పేరిట నడుచు నేషనల్ పబ్లిక్ రేడియో కూడ వారి ప్రక్కనే నిలిచెను.

సంఘమువారు ఒక సి.డి. తయారుచేసి చట్టసభ సభ్యులకు పంచిరి. అందులో ఒక కేంద్రపు మాటపై వేరొక కేంద్రపు మాట వచ్చి పడుచుండును. స్వల్పశక్తి కేంద్రములు వచ్చినచో మీ ఇండ్లలో ఇట్లు వినబడునని వారి భావము. కమిషన్ ఇంజనీరింగు శాఖవారు దానిని విని, ఇది తప్పుదారి పట్టించునదని, మూడవ ప్రక్కయింటి అంతరాయము ఇట్లుండనే ఉండదని ప్రకటించిరి. అయినను చెవితో విన్నదాని బలము వేరు. 2000 డిసెంబరులో చట్టసభ మూడవ ప్రక్కయింటిని కూడ ఖాళీగా ఉంచవలెనని శాసించెను. దానితో పెద్ద నగరములలో స్వల్పశక్తి కేంద్రములకు చోటు మిక్కిలి కరవయ్యెను. పల్లెప్రాంతములలో మాత్రము కొన్ని వెలసెను.

అయితే ఆ చట్టములోనే ఒక మేలు దాగియుండెను. అంతరాయము నిజముగా కలుగునో లేదో స్వతంత్రముగా పరీక్షింపవలెనని అందు నిర్దేశించిరి. మైటర్ సంస్థ ఈ పని చేపట్టెను. సుమారు 22 లక్షల డాలర్లు ఖర్చయ్యెను. పలు స్థలములలో తాత్కాలికముగ చిన్న ట్రాన్స్‌మిటర్లు నెలకొల్పి, రకరకముల సెట్లలో పెద్ద కేంద్రములు ఎట్లు వినబడుచున్నవో వారు రికార్డు చేసిరి. 2003లో నివేదిక వెలువడెను. చిన్న ట్రాన్స్‌మిటరునకు మిక్కిలి చేరువనున్న కొద్దిపాటి స్థలమున తప్ప మూడవ ప్రక్కయింటికి చెప్పుకోదగిన అంతరాయము కలుగదనియు, ఆ నిర్బంధము తొలగింపవచ్చుననియు దాని సారాంశము. సత్యము తేలినది, చట్టము మారుటకు మరి ఏడు సంవత్సరములు పట్టెను. 2010 డిసెంబరులో స్థానిక సామాజిక రేడియో చట్టము సభల ఆమోదము పొందెను. 2011 జనవరి 4న అధ్యక్షుడు ఒబామా సంతకము చేసెను. 2013లో దరఖాస్తులు పిలువగా వేలకొలది వచ్చెను.

ఆ చట్టములో ఒక అంశము ప్రత్యేకముగా స్మరింపదగినది. అంధులకై పత్రికలు చదివి వినిపించు సేవలు కొన్ని కేంద్రముల తరంగములలో ఒక మరుగు పాయగా నడచుచుండును. వానికి ప్రత్యేకపు సెట్లు కావలెను. అవి అంతరాయమునకు సులభముగా లోనగును. అట్టి సేవ గల కేంద్రములకు మూడవ ప్రక్కయింటి రక్షణ కొనసాగవలెనని చట్టము నిర్దేశించెను. న్యాయమనగా ఇది. నిజమైన హాని ఉన్నచోట రక్షణ ఉంచిరి. ఊహామాత్రమైన హాని ఉన్నచోట తొలగించిరి.

ఈ వాదములు సాగుచుండగనే, 2005 ఆగస్టులో కత్రినా తుఫాను మిసిసిపి తీరమును తాకెను. బే సెయింట్ లూయిస్ పట్టణములో డబ్ల్యు.క్యు.ఆర్.జడ్. అను స్వల్పశక్తి కేంద్రము ఆ గాలివానలో నిలిచినది. చుట్టుప్రక్కల పెద్ద కేంద్రములు మూగపోగా, త్రాగునీరు ఎచ్చట దొరకును, ఆశ్రయమెచ్చట కలదను వార్త ఆ చిన్న కంఠమే జనులకు చెప్పెను. దాని శక్తిని పెంచుకొనుటకు ప్రభుత్వమే తాత్కాలికముగ అనుమతించెను. దివిసీమ ఉప్పెనను ఎరిగిన తెలుగువారికి అట్టి గడియలో రేడియో మాట విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

మన దేశమున కథ వేరొక త్రోవన నడచెను. ఇచ్చట తరంగములు ప్రభుత్వము చేతిలోనే ఉండెను. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఆకాశతరంగములు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పెను. న్యాయమూర్తి పి.బి. సావంత్ ఆ తీర్పు వ్రాసినవారిలో నొకరు. ఆ కాలముననే మెతుకుసీమలో జహీరాబాదు ప్రాంతమున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అను సంస్థ దళిత స్త్రీల సంఘములతో పనిచేయుచుండెను. యునెస్కో సహాయముతో మాచనూరు గ్రామమున ఒక స్టూడియో ఏర్పడెను. జొన్నలు, కొర్రలు, విత్తనములు దాచు విధము, పండుగపాటలు, రోగములకు మందులు – ఇవి వారి విషయములు. భాష వారి యింటి భాష. కాని లైసెన్సు లేదు. స్టూడియో ఉన్నది, రికార్డు చేయు చేతులున్నవి, తరంగము లేదు. ఆ స్త్రీలు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘముల కూటములలో వినిపించుకొనిరి. 2000లో ఆ ప్రాంతపు పస్తాపూరు పేరిట వెలువడిన ప్రకటన, ప్రభుత్వ రేడియో, వాణిజ్య రేడియోలతో పాటు ప్రజల రేడియోకును చోటు కావలెనని కోరెను.

ప్రభుత్వము మెల్లగా అడుగులు వేసెను. 2002 డిసెంబరులో విద్యాసంస్థలకు మాత్రము అనుమతి నిచ్చెను. 2004 ఫిబ్రవరి 1న మద్రాసులో అన్నా విశ్వవిద్యాలయపు కేంద్రము 90.4 పై పలికెను. 2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకును ద్వారము తెరచిరి. శక్తి 100 వాట్లకు మించరాదు. అవసరము ఋజువైనచోట 250 వరకు. స్తంభము 15 మీటర్లకు తగ్గరాదు, 30 మీటర్లకు మించరాదు. 2008 అక్టోబరు 15న మాచనూరులో సంఘం రేడియో 90.4 పై ప్రసారము ప్రారంభించెను. నాడు దానిని ప్రారంభించినవారు ఆ 1995 తీర్పు వ్రాసిన న్యాయమూర్తి సావంత్‌గారే. స్టూడియో సిద్ధమైన పదేండ్లకు తరంగము లభించెను.

90.4 అను ఆ అంకెను ఒకసారి పరికింపుడు. మద్రాసులో అన్నా విశ్వవిద్యాలయమునకు అదే, మాచనూరులో అదే, హైదరాబాదు విశ్వవిద్యాలయపు బోల్ హైదరాబాద్ కేంద్రమునకును అదే. మాచనూరునకు హైదరాబాదునకు నడుమ నూరు కిలోమీటర్ల లోపు దూరమే. అయినను ఒకదాని మాట ఒకదానిపై సాధారణముగా పడదు. ఏలయన, ఒక్కొక్కదాని దిగంతము ఇరువది, పాతిక కిలోమీటర్లకే ముగియును. స్వల్పశక్తి యొక్క గొప్ప సుగుణము ఇదియే. పెద్ద కేంద్రము ఒక అంకెను ఆక్రమించినచో చుట్టు చాలదూరము ఇంకెవరును ఆ అంకెను ముట్టరాదు. చిన్న కేంద్రములు అదే అంకెను ఊరూర వాడుకొనవచ్చును. ఒక చెరువునీరు ఒకే పొలమునకు పారుటకును, ఊరూర బావులుండుటకును గల భేదమిది. చిన్న కేంద్రము తరంగమును వ్యర్థము చేయునను 1978 నాటి మాట ఎంత తలక్రిందులైనదో ఇందువలన తెలియును.

అయితే ఇచ్చటను ఒక హెచ్చరిక కలదు. మన దేశమున సామాజిక కేంద్రములకు ప్రధానముగా 90.4, 90.8, 91.2 అను కొద్ది అంకెలే కేటాయించిరి. పల్లెలో ఇవి చాలును. ఒకే మహానగరమున అయిదారు సంస్థలు కోరినచో చాలవు. అట్టిచోట అంకెల కరవు చూపి అనుమతి నిరాకరించుటకంటె, కొలిచి చూచి చోటు వెదకుట మేలు. అంతరాయము సత్యమే, కాని దానిని కొలవవలెను. కొలవక ముందే భయపడి గొంతు మూయుట, కొలిచిన పిమ్మట కూడ ఏడేండ్లు ఆగుట – ఈ రెండును అమెరికా చరిత్ర మనకు చూపిన దోషములు. రక్షణ విషయములోను న్యాయము తలక్రిందులుగ ఉండరాదు. ఆ దేశపు నియమములలో చిన్న కేంద్రము పెద్దదానికి అడ్డురాకూడదు. పెద్దది అడ్డువచ్చినచో చిన్నది ఓర్చుకొనవలెను. బలము లేనిదానికే రక్షణ ఎక్కువ అవసరమని మా అభిప్రాయము.

శ్రోతలు చేయదగిన పనియు కొంత కలదు. 90.4 తరంగపు నిడివి సుమారు 3.3 మీటర్లు, అందులో నాల్గవ వంతు, అనగా 80 సెంటిమీటర్ల పైచిలుకు, ఏరియల్ కడ్డీకి తగిన పొడవు. కడ్డీని అంతవరకు లాగి, నిలువుగను అడ్డముగను త్రిప్పి చూడవలెను. సెట్టును కిటికీ యొద్దకు, వీలైనచో మేడమీదికి చేర్చవలెను. సెల్‌ఫోనులో రేడియో వినువారికి చెవికి పెట్టుకొను తీగయే ఏరియల్. దానిని చుట్టక చాచి ఉంచవలెను. చౌకబారు ఎల్.ఇ.డి. దీపములు, ఫోను చార్జర్లు కొన్ని గరగర పుట్టించును. ఒక్కొక్కటి ఆర్పి చూచినచో దొంగ దొరకును. పెద్ద కేంద్రపు స్తంభము చేరువలో నున్న ఇంటిలో మాత్రము ఏరియల్ కురుచ చేయుటయే మేలు. అచ్చట సెట్టు అధిక బలముచే ఉక్కిరిబిక్కిరి అగుచుండును.

ఇవన్నియు చేసినను మాట వినబడకున్నచో, ఏ తేదీన, ఏ వేళ, ఏ అంకెపై, ఏ కేంద్రము అడ్డువచ్చినదో ఒక చీటిపై వ్రాసి మీ ఊరి కేంద్రమునకు పంపుడు. పెద్ద సంస్థలకు ఇంజనీర్లు కలరు, యంత్రములు కలవు. చిన్న కేంద్రమునకు శ్రోతల చెవులే కొలత యంత్రములు. పది యిండ్లనుండి వచ్చిన పది చీట్లు పటముపై గుర్తించినచో, తరంగము ఎచ్చట ఆగుచున్నదో, గుట్ట నీడ ఎచ్చట పడుచున్నదో, స్తంభము ఎంత ఎత్తు పెంచవలెనో తెలిసిపోవును. అనుమతి నిచ్చు అధికారుల ఎదుట పెట్టుటకును అవి సాక్ష్యములగును.